హానఫిన్ల నాలుగో భుజం

థేడీ హానఫిన్ కుడి భుజం ఎడమ భుజం కంటే అరంగుళం కిందికి ఉండేది. సంతబజారు దర్జీ ప్రతిసారీ టేపు పట్టుకుని నవ్వేవాడు. "నీ భుజాలు రెండూ ఒకే తల్లి కన్నవి కావయ్యా" అనేవాడు. థేడీ నవ్వేవాడు కాదు. ఆ అరంగుళం ఎలా అరిగిందో తనకి తెలుసు. పదిహేడో ఏట మొదలుపెట్టి డెబ్భయ్యో ఏటి దాకా ముప్పయ్యారు శవపేటికలు ఆ భుజం మీంచి వెళ్ళాయి. అన్నీ హానఫిన్లవే.

ఇంటిపేరు వల్ల మనిషికి ఉపయోగం ఏమిటంటే ఒక్కో దేశం ఒక్కో జవాబు చెబుతుంది. కొన్నిచోట్ల ఫలానా పిల్లని చేసుకోకూడదని అడ్డం పడడానికి. కొన్నిచోట్ల కోర్టు కాగితాల మీద రాసుకోవడానికి. కొన్నిచోట్ల పక్కవాడికంటే మనం ఎక్కువ అనుకోవడానికి. థేడీ పుట్టిన క్లోన్‌డర్గ్ అనే పల్లెలో మాత్రం బతికున్నవాడికి ఇంటిపేరుతో పనే లేదు. మనుషుల్ని ఇంటి గుర్తుతోనే పిలుస్తారు. ఏటి దాటు దగ్గర ఇల్లు కాబట్టి థేడీ రేవు థేడీ. అతని పినతండ్రి కొడుకు కాన్, కొండచరియ మీద ఉంటాడు కాబట్టి చరియ కాన్. ఇంటిపేరు పెట్టె అడుగున మడతపెట్టి దాచిన కోటు లాంటిది. చచ్చిన రోజున బయటికి తీస్తారు. హానఫిన్ చస్తే నలుగురు హానఫిన్లు ఇంట్లోంచి ఎత్తాలి. చర్చి వాకిలి నుంచి గోతి దాకా మళ్ళీ ఆ నలుగురే మోయాలి. మధ్యలో దారి పొడుగునా ఊరంతా భుజం మార్చుకోవచ్చు, అడిగేవాడు లేడు. కానీ మొదటి ఎత్తు, చివరి దింపు పేరున్నవాళ్ళవే. గోతి సంగతి దీనికి తలకిందులు. అది వేరే పేరువాళ్ళే తవ్వాలి. తన పేరువాడికి తనే గొయ్యి తీసినవాడు ఆ వాడలో ఇంతవరకూ లేడు.

1930లో తాత పోయినప్పుడు ఆ వాడలో హానఫిన్ మగవాళ్ళు నలభైమంది ఉన్నారు. ఎవరు ఎత్తాలన్న దాని మీద పెరట్లో చొక్కాలు పట్టుకున్నారు. అన్న మర్ట్ తమ్ముడి కాలరు పట్టుకుని ముందుకు తోసి, "వీడి భుజం ఇంకా పచ్చిది, అరగనివ్వండి" అన్నాడు. తల్లి పిండిసంచి గుడ్డ నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపల భుజం మీద ఉంచింది. పేటిక లేవగానే, అది ఆనించి ఉంచిన కుర్చీల్ని ఎవరో తన్ని పడేశారు. చావు మళ్ళీ ఆ కుర్చీల్లో కూర్చోకుండా అలా చేస్తారు. కుర్చీలు పడ్డ చప్పుడు, చెవి పక్కనే చెక్క వాసన, మెడ మీద తాత బరువు. ఆ రోజు థేడీకి తనొక మనిషినని మొదటిసారి తెలిసింది. పెళ్ళి చేసుకోలేదు, సముద్రం దాటలేదు, ఎన్నికల్లో నిలబడలేదు. అతని జీవితంలో గొప్ప అంటూ ఉంటే అదొక్కటే. నలుగురిలో ఒకడు.

తర్వాత పేరు పలచబడింది. ఓడలు కొందరిని తీసుకెళ్ళాయి, ఇంగ్లండులో కడుతున్న వంతెనలు కొందరిని తీసుకెళ్ళాయి. అక్కడ పోయినవాళ్ళని అక్కడి ముక్కూమొహం తెలియనివాళ్ళు మోశారు. ఆ కబురు ఉత్తరంలో వస్తే మర్ట్ రెండు రోజులు అన్నం ముట్టేవాడు కాదు. 1983 జనవరి నాటికి క్లోన్‌డర్గ్‌లో భుజం పెట్టగల హానఫిన్లు ముగ్గురు: థేడీ, చరియ కాన్, కాన్ తమ్ముడు పాట్సీ. మర్ట్ నాలుగోవాడు. ఆ మర్ట్ వంటింటి పక్క మంచం మీద, ఊపిరితిత్తుల్లో నీరు చేరి పడుకున్నాడు.

"ఒరేయ్ థేడీ, ఎంతమంది అయ్యారు?" ఉదయం టీ గ్లాసు పెదవికి ఆనించే ముందే అడిగాడు.

"ముగ్గురం."

"ఇంగ్లండులో, ఆ కవెంట్రీలో మన మైకేల్‌కి రాశావా? వాడూ హానఫినేగా."

"రెండు ఉత్తరాలు రాశాను. వాడు ఇల్లు మారాడో ఏమో."

"ఇల్లు మారలేదు, మనిషి మారాడు." దగ్గాడు. దగ్గు ఆగాక కళ్ళు తుడుచుకున్నాడు. "ఎవడో ఒకణ్ణి చూడరా. ముగ్గురు మోస్తే నేను ఒకవైపు ఒరుగుతాను. బతుకంతా ఒరిగే ఉన్నాను, చచ్చాకైనా తిన్నగా పోనీ."

థేడీ పొయ్యిలో మండే టర్ఫ్ మట్టిగడ్డ సర్దుతూ వెనక్కి తిరగకుండా అన్నాడు. "అన్నా, నేతింటి బ్యాట్ ఉన్నాడుగా."

మర్ట్ టీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

"వాణ్ణి నా కింద పెట్టావో, పెట్టెలోంచి లేచొచ్చి నడిచి పోతాను శ్మశానానికి" అన్నాడు మర్ట్.

దీనికి వెనక నూరేళ్ళ కథ ఉంది. 1886 చలికాలంలో జమీందారు మనుషులు ఒక హానఫిన్ విధవనీ ఆమె అయిదుగురు పిల్లల్నీ ఇంట్లోంచి ఈడ్చి, కప్పు కూలగొట్టారు. ఆ ఏడు అలా ఊళ్ళకి ఊళ్ళే ఖాళీ అయ్యాయి. ఖాళీ చేయించిన పొలాన్ని ఎవరూ ముట్టుకోకూడదని ఊరు కట్టడి చేసుకుంది. ముట్టుకున్నవాడితో మాట లేదు, వాడి గుర్రానికి నాడా కొట్టేవాడు లేడు, చర్చిలో వాడు కూర్చున్న బల్ల మీద ఇంకొకడు కూర్చోడు. ఆ ఎనిమిదెకరాలూ డాన్ అనేవాడు తీసుకున్నాడు. వాడు పరాయివాడు కాదు, హానఫినే. విధవ మార్చి నెలలో గోడవార పాకలో పోయింది. డాన్ ఆమె పేటికకి భుజం పెట్టడానికి వచ్చాడు. థేడీ తాత వాడి గుండె మీద అరచెయ్యి ఆనించి, "నీ పేరేంటో నాకు తెలీదే" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి ఆ కుటుంబాన్ని ఎవరూ హానఫిన్ అనలేదు. డాన్ భార్య పుట్టింటివాళ్ళు మగ్గం నేసేవాళ్ళు కాబట్టి వాళ్ళు నేతింటివాళ్ళయ్యారు. ఫాదర్ పుస్తకంలో హానఫిన్ అనే రాసేవాడు. పించను కవరు మీదా అదే ఉండేది. నోళ్ళలో మాత్రం లేదు. విచిత్రం చూడండి, 1934లో ప్రభుత్వం ఆ ఎనిమిదెకరాలు నేతింటివాళ్ళ దగ్గర తీసుకుని పంచితే, అవి వచ్చి పడింది థేడీ తండ్రికే. నేలకి పంతం ఉండదు, తిరిగి వచ్చింది. పేరు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

ఆ డాన్ మనవడే బ్యాట్. అరవై ఎనిమిదేళ్ళ బ్రహ్మచారి. వరదలో పొట్టేలుని చంకలో పెట్టుకుని ఏరు దాటగలడు. ఊళ్ళో ఎవరికీ అపకారం చేసినవాడు కాదు.

ఆ వారం పాలకేంద్రం దగ్గర బిందెలు దించుతూ కాన్ కూడా అదే మాట ఎత్తాడు. "అన్నా, కొండ మీద గొర్రెలకి తెలుసు వాడు హానఫిన్ అని. మనకి తెలీదంటే దేవుడు నవ్వుతాడు."

"మర్ట్ ఒప్పుకోడు."

"మర్ట్ ఒప్పుకోకపోతే మర్ట్‌నే నాలుగో కొసకి పట్టుకోమను."

పక్క బండి మీద ఉన్న మాసీ క్విల్ పగలబడి నవ్వాడు. మాసీకి ఊళ్ళో పబ్బు ఉంది, దాని వెనక శవపేటికల కొట్టూ ఉంది. ఆ దేశంలో ఈ రెండూ ఒకే చేతి కింద ఉండడం వింతేం కాదు. "థేడీ, నేను కొత్తగా చక్రాల ట్రాలీ తెచ్చాను. పట్నంలో అందరూ దాని మీదే పోతున్నారు. భుజాలు చూసుకునే కాలం పోయిందయ్యా."

"నీ ట్రాలీ మీద నీ బీరు పీపాలు తోసుకో" అన్నాడు థేడీ.

మర్ట్ గురువారం మధ్యాహ్నం పోయాడు. చివరిదాకా తెలివి ఉంది. "ఎంతమంది?" అన్నాడు. థేడీ నోరు తెరిచాడు గానీ అబద్ధం ఆడలేకపోయాడు. మర్ట్ వేళ్ళు దుప్పటి మీద మూడుసార్లు కదిలాయి. నాలుగోసారి కదల్లేదు.

సాయంత్రానికి ఇల్లు నిండింది. టీ, సోడారొట్టె, పళ్ళెంలో నస్యం. గోడవార ముసలమ్మలు జపమాల తిప్పుతున్నారు. బ్యాట్ వచ్చాడు. టోపీ తీసి, శవం దగ్గర మోకరించి, లేచి గుమ్మం పక్కన నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. మాటలు కాస్త తగ్గాయి, అంతే. వెళ్ళేముందు థేడీ పక్కకి వచ్చాడు.

"ఎంతమంది ఉన్నారు థేడీ?"

థేడీ అతని భుజం వైపు చూశాడు. ద్వారబంధం అంత వెడల్పు భుజం.

"సరిపోతాం" అన్నాడు.

"సరే" అని టోపీ పెట్టుకున్నాడు బ్యాట్.

మర్నాడు పొద్దున గోతి చోటు చూపించడానికి థేడీ శ్మశానానికి వెళ్ళాడు. గడ్డి మీద మంచు తెల్లగా గట్టిపడి ఉంది. తవ్వడానికి వచ్చిన పొరుగువాళ్ళిద్దరూ గోడ మీద కూర్చుని చేతులు రుద్దుకుంటున్నారు. వాళ్ళకి పది అడుగుల దూరంలో బ్యాట్ నిలబడి ఉన్నాడు, పార పట్టుకుని. పార నేలకి ఆనించలేదు. రైఫిలు పట్టుకున్న సిపాయిలా నిలువుగా ఎత్తి పట్టుకున్నాడు.

"తవ్వమంటావా థేడీ?"

గోడ మీద ఇద్దరూ చేతులు రుద్దుకోవడం ఆపేశారు. అడిగింది గొయ్యి గురించి కాదని వాళ్ళకీ తెలుసు. వద్దు అన్నాడంటే బ్యాట్ హానఫిన్. తవ్వు అన్నాడంటే బ్యాట్ ఎవరూ కాదు. నూరేళ్ళ కిందట తాత అరచేత్తో చేసిన పనిని మనవడు ఒక్క మాటతో తీసెయ్యొచ్చు. మాట నాలుక మీదికి వచ్చింది కూడా. అంతలో దుప్పటి మీద అన్న వేళ్ళు గుర్తొచ్చాయి. లేచి నడిచిపోతానన్న మాట గుర్తొచ్చింది. చచ్చినవాడి పంతం కొండంత. దాని ముందు బతికున్నవాడి బుద్ధి ఎప్పుడూ గడ్డిపోచే.

"నేల గట్టిగా ఉంది" అన్నాడు థేడీ, సమాధిరాళ్ళ వైపు చూస్తూ. "నీ చెయ్యి పడితే తొందరగా అవుతుంది."

బ్యాట్ కోటు విప్పి ఒక రాతి శిలువకి తగిలించాడు. మిగతా ఇద్దరినీ పార ముట్టుకోనివ్వలేదు. ఒక్కడే ఆరడుగుల లోతు తీశాడు. గోడలు కత్తితో కోసిన వెన్నముద్దలా తిన్నగా వచ్చాయి. పైకి వచ్చాక వాళ్ళిచ్చిన విస్కీ తాగకుండా సీసా తిరిగి గోడ మీద పెట్టి ఇంటికి వెళ్ళిపోయాడు.

ఇంటి దగ్గర ముగ్గురు హానఫిన్లు పేటిక చుట్టూ నిలబడ్డారు. నాలుగో కొస దగ్గర నేల ఖాళీగా ఉంది. "మాసీని పట్టుకోమందాం అన్నా, ఇవాల్టికి" అన్నాడు పాట్సీ. థేడీ తల అడ్డంగా ఆడించాడు. వేరే పేరు పెట్టుకున్న భుజం కంటే చక్రాలు నయం, చక్రాలకి పేరుండదు అనిపించింది. అలా ఒకప్పుడు నలభైమంది మగవాళ్ళున్న వంశంలో మర్ట్ హానఫిన్ మొట్టమొదటగా ట్రాలీ మీద చర్చి వాకిలి దాటాడు. ట్రాలీ కొత్తదే అయినా కుడివైపు ముందు చక్రం కీచుమంది. గులకరాళ్ళ దారి పొడుగునా, ఫాదర్ ప్రార్థన మధ్యలో, గోతి అంచు దాకా కీచుమంటూనే ఉంది. థేడీ పక్కన చెక్క మీద చెయ్యి వేసి నడిచాడు. చొక్కా లోపల పిండిసంచి గుడ్డ నాలుగు మడతలూ అలాగే ఉంది. ఇంటికి వచ్చి చూస్తే, ఆ రోజు కుర్చీలు తన్నడం ఎవరికీ గుర్తులేదు. వంటింట్లో రెండూ ఎదురెదురుగా నిలబడే ఉన్నాయి.

కుర్చీలు నిలబడితే చావు తిరిగి వస్తుందన్నది నిజమో కాదో గానీ, అది వచ్చింది. పాట్సీ మరుసటి ఏడు పోయాడు. 1986లో కాన్ పోయాడు. పోయే వారం ముందు థేడీని చూసి, "ఇంక నువ్వొక్కడివే అన్నా. పేరంతా నీ సొత్తే. ఏం చేసుకుంటావో చేసుకో" అన్నాడు, నవ్వుతూనే. ఇద్దరూ చక్రాల మీదే వెళ్ళారు. రెండు గోతులకీ బ్యాట్ పార పట్టుకుని రాలేదు. అడగడానికి ఎవరూ వెళ్ళలేదు.

ముసలితనంలో మనిషి తన చావుని చూసుకున్నంత శ్రద్ధగా మరి దేన్నీ చూసుకోడు. థేడీ పగలంతా వాకిట్లో కూర్చుని దాన్నే చూసుకునేవాడు. మోసేవాళ్ళు లేరనే బెంగ కాదు, అది ఎప్పుడో వదిలింది. పార నిలువుగా పట్టుకున్న మనిషి కనిపించేవాడు. తవ్వమంటావా అని అడిగేవాడు. ప్రతిసారీ థేడీ వద్దు అనేవాడు. వాకిట్లో కూర్చుని వద్దు అంటే వినేది కోళ్ళే.

మరుసటి సెప్టెంబరులో ఒకరోజు టోపీ పెట్టుకుని నేతింటికి బయల్దేరాడు. దారిలో మాట సిద్ధం చేసుకున్నాడు. పెద్ద మాటేం కాదు, పూర్తి పేరు పెట్టి పిలవాలి, అంతే. గేటు దగ్గర నిలబడి "బ్యాట్" అన్నాడు. తర్వాతి ముక్క రాలేదు.

"రా లోపలికి" అన్నాడు బ్యాట్.

టీ పోశాడు. రొట్టె కోశాడు. పళ్ళేల అరలో, నీలం పళ్ళెం ముందు, పించను కవరు ఒకటి నిలబెట్టి ఉంది. పేరు ఇటువైపుకి తిప్పి ఉంది: బి. హానఫిన్. థేడీ చూశాడు. థేడీ చూడడం బ్యాట్ చూశాడు. అతని చేతిలో కత్తి రొట్టె మీద ఆగింది. ఆగి చాలాసేపు ఎదురుచూసింది.

"ఎనిమిదెకరాల్లో గడ్డి కోశావా?" అన్నాడు చివరికి బ్యాట్.

"సగం. తుంగ పెరిగిపోయింది."

"ఆ నేల ఎప్పుడూ తుంగే."

"వాన వచ్చేట్టుంది" అన్నాడు థేడీ.

"వస్తుంది" అన్నాడు బ్యాట్. కత్తి కదిలింది.

నవంబరులో బ్యాట్ పోయాడని పాలబండివాడు చెప్పాడు. థేడీ ఆదివారం కోటు వేసుకున్నాడు. పెట్టె అడుగు నుంచి పిండిసంచి గుడ్డ తీశాడు, నాలుగు మడతలు పెట్టాడు, చొక్కా లోపల భుజం మీద ఉంచుకున్నాడు. డెబ్భై నాలుగేళ్ళు. ఒక్క భుజంతో పేటిక లేవదని తెలుసు. మిగతా మూడు కొసలూ ఎవరైనా పట్టుకోనీ, ఒక్క కొసకైనా పేరు ఉంటుంది. నూరేళ్ళ తర్వాత ఒక హానఫిన్ కింద ఒక హానఫిన్ ఉంటాడు. రెండు మైళ్ళు నడుస్తూ అదే అనుకున్నాడు.

నేతింట్లో ట్రాలీ కాక చెప్పుకోదగ్గ జనం లేరు. ట్రాలీ పక్కన మాసీ క్విల్, పొయ్యి దగ్గర పట్నం నుంచి వచ్చిన బ్యాట్ మేనకోడలు ఐలీన్. ఆమె లేచి నిలబడింది.

"మీరు రేవు థేడీ గారు కదూ?"

"అవునమ్మా. నేను..." థేడీ భుజం మీద చెయ్యి వేసుకున్నాడు. "నేను ఎత్తడానికి వచ్చాను. ఆ పేరువాణ్ణి."

ఆమె మాసీ వైపు చూసింది, పేటిక వైపు చూసింది. చెప్పడం ఇష్టం లేని మాట చెప్పేవాళ్ళ గొంతు వచ్చింది.

"మీరు వస్తారని మామయ్య ముందే చెప్పాడు, పెద్దాయనా. వస్తే ఈ మాట చెప్పమన్నాడు. మర్ట్‌కి పనికొచ్చిన చక్రాలు నాకూ పనికొస్తాయి, అన్నాడు."

"కోపంగా అన్నాడా?"

"లేదండీ. రొట్టెకి వెన్న రాస్తూ అన్నాడు."

కోపంగా అని ఉంటే బాగుండేదని థేడీకి తోచింది. కోపానికి జవాబు ఉంటుంది. అతను తల ఊపి, పక్కకి తప్పుకున్నాడు. మాసీ ట్రాలీ మీదికి పేటిక జరిపాడు. థేడీ ఒంగి, అది ఆనించి ఉంచిన కుర్చీలు రెండూ ఒక్కొక్కటే చేత్తో పట్టుకుని నేల మీద పడుకోబెట్టాడు. తన్నే ఓపిక లేదు.

చర్చిలో పాతికమంది కూడా లేరు. కొత్తగా వచ్చిన కుర్ర ఫాదర్‌కి ఊరి నోళ్ళ సంగతి తెలీదు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివాడు. "మన సోదరుడు బార్తొలొమ్యూ హానఫిన్ ఆత్మకి..."

బల్లల్లో కదలిక పుట్టింది. ఆ పేరు వినగానే తలలన్నీ ఒక్కసారిగా తిరిగాయి, పేటిక వైపు కాదు, థేడీ వైపు. ఊళ్ళో మిగిలిన హానఫిన్ అతనొక్కడే. చచ్చింది థేడీయా అన్నట్టు చూశారు. ముందు బల్లలో ఒక ముసలామె శిలువ గుర్తు సగంలో ఆపి, అతను ఊపిరి తీస్తున్నాడో లేదో చూసింది. థేడీ తన చేతుల వైపు చూసుకున్నాడు. తనూ కచ్చితంగా చెప్పలేకపోయాడు.

వాకిలి దాటాక ట్రాలీ కీచుమంది, అదే చక్రం. గులకరాళ్ళ దారి పొడుగునా థేడీ దాని వెనక నడిచాడు. చెక్క మీద చెయ్యి వెయ్యలేదు, ఆ హక్కు లేదు. గోతి గోడలు వంకరగా ఉన్నాయి. పట్నం నుంచి కూలికి వచ్చినవాళ్ళెవరో తవ్వారు.

జనం వెళ్ళిపోయాక మాసీ ట్రాలీ మడిచి బండిలో ఎక్కిస్తూ ఆగాడు. అతనూ ముసలివాడయ్యాడు. వేళాకోళం చేసే గొంతులో తడి ఆరిపోయింది.

"మరి నీ సంగతేంటి థేడీ? ఏమైనా చెప్పి పెడతావా?"

థేడీ చొక్కా లోపల చెయ్యి పెట్టి పిండిసంచి గుడ్డ బయటికి తీశాడు. మడతల దగ్గర అరిగి, వెలుతురు కనబడుతోంది. దాన్ని మాసీ చేతిలో పెట్టాడు.

"ఆ కుడి చక్రానికి నూనె పెట్టు. పెట్టి, దీంతో తుడు" అన్నాడు.